చెరిపితే చెరగని తిట్టు

డ్రైనేజీ ఇంజినీరు రామచంద్రరావుకు మురుగంటే పడదు. ఆ మాట ఆయనే ఆఫీసులో అందరితోనూ అనేవాడు, పైగా కాస్త గర్వంగా. భీమవరం నుంచి వచ్చి ఇరవై రెండేళ్ళుగా పాతబస్తీలో ఉద్యోగం చేస్తున్నా, ఒక్క మ్యాన్‌హోల్‌లోకి తొంగిచూసిన పాపాన పోలేదు. ఫిర్యాదు కంప్యూటర్లోకి వచ్చేది. ఆయన ‘పరిష్కరించబడింది’ అనే పచ్చ బటన్ నొక్కేవాడు. ఫిర్యాదు మాయమయ్యేది. మురుగు మాత్రం ఎక్కడిదక్కడే ఉండేది. దానికి కంప్యూటర్ లేదు కదా, తను పరిష్కారమైపోయిన సంగతి తెలియడానికి!

అలాంటి మనిషి నెత్తిమీద బ్లాక్‌చైన్ వచ్చి పడింది.

యూరప్‌లో ఎక్కడో ఒక అభివృద్ధి సంస్థ ఉంది. ఇతర దేశాల ప్రభుత్వ ఆఫీసులను నిజాయితీగా మార్చడం దాని వృత్తి. ఆ సంస్థ లాల్‌దర్వాజాలో ‘సాక్ష్యమాల’ అనే బ్లాక్‌చైన్ పథకం మొదలుపెట్టింది. అందులో నియమాలు రెండే. ఒకసారి ఎక్కిన మాటను ఎవరూ చెరపకూడదు. ఫిర్యాదు తీరిందని ఆఫీసు చెబితే చాలదు, ఆ గల్లీలోనే ఉండే ముగ్గురు సాక్షులు తమ ఫోన్లో వేలు నొక్కి ఒప్పుకోవాలి. దీని మీద ఇంజినీర్లకు ఒక పెద్ద హోటల్లో శిక్షణ ఇచ్చారు. రామచంద్రరావు వెళ్ళాడు. డబుల్ కా మీఠా రెండుసార్లు పెట్టించుకుని, ఏసీ కింద కునుకు తీసి, నిద్ర లేచాక ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టాడు.

పథకాన్ని గల్లీలో నడపాల్సింది హరిప్రియ. హైటెక్ సిటీలో మంచి ఉద్యోగం వదిలేసి ఈ పనికి వచ్చిన ఇరవై తొమ్మిదేళ్ళ అమ్మాయి. మొదటి మీటింగు కమ్యూనిటీ హాల్లో పెట్టింది. ఎనిమిది మంది వస్తే గొప్పనుకుంది. అరవై మంది ఆడవాళ్ళు వచ్చారు. అంతమంది ఎందుకొచ్చారో ఆమెకు మొదట అర్థం కాలేదు.

ముందు వరసలో కూర్చున్న నాగమణమ్మ అడిగింది. “బిడ్డా, బ్లాక్ చైన్ ఇస్తరంట గద. ఒక్క పేట నల్లపూసలా, రెండు పేటలా?”

నాగమణమ్మకు అరవై రెండేళ్ళు. మహంకాళి గుడికి వెళ్ళే దారిలో ఆమెకు పూజా స్టోరు ఉంది. పసుపు, కుంకుమ, అగరుబత్తీలు, ఆషాఢం వస్తే బోనాల కుండలు అమ్ముతుంది. ఆమె గొంతు ఆ గల్లీ ఈ చివర నుంచి ఆ చివరకు మైకు లేకుండా వినబడుతుంది.

నల్లపూసలు కావని తెలియగానే సగం హాలు ఖాళీ అయింది. మిగిలినవాళ్ళకు హరిప్రియ ఓపిగ్గా చెప్పింది. “ఒక నోట్‌బుక్ అనుకోండి. ఒక్కరి దగ్గరే ఉంటే పేజీ చింపేయొచ్చు. అదే నోట్‌బుక్ నలభై మంది దగ్గర ఉందనుకోండి. ఒకరు చింపినా మిగతా వాళ్ళ దగ్గర ఆ మాట ఉంటుంది. పేజీలన్నీ గొలుసులా ముడిపడి ఉంటాయి, మధ్యలో ఎవరైనా ఒక్క అక్షరం మార్చినా అందరికీ తెలిసిపోతుంది.”

“గంతేనా?” అంది నాగమణమ్మ. “మా గల్లీల ఎప్పటి సంది ఉన్నది గది. నేను పొద్దుగాల ఒక మాటంటే పగటీలికి నలభై ఇండ్లల్ల ఉంటది. చెరిపెటోడు ఇంకా పుట్టలే.”

అందరూ నవ్వారు. తన నలభై స్లైడ్లకన్నా ఆ మాటే బాగుందని హరిప్రియ డైరీలో రాసుకుంది. ఆరోజే ముగ్గురు సాక్షులను ఎన్నుకున్నారు. మొదటి సాక్షి నాగమణమ్మ, ఎవరూ వద్దనే ధైర్యం చేయలేదు. రెండోవాడు ఆమె ఎదుటి దుకాణం వైకుంఠం, మూడు తరాలుగా హోల్‌సేల్ బెల్లం వ్యాపారం. మూడోవాడు డానియేలు. నయాపూల్ దగ్గర కోర్టు గోడ పక్కన టైపు మిషన్ పెట్టుకుని ముప్పై ఏళ్ళుగా అఫిడవిట్లు కొడతాడు. ఇల్లు ఈ గల్లీలోనే.

ఆషాఢం మొదలవగానే గల్లీ మధ్యలోని మ్యాన్‌హోల్ పొంగింది. కొత్తేం కాదు, ఏటా పొంగేదే. కానీ ఈసారి చీలమండ దాకా వచ్చింది. ఇంకో మూడు వారాల్లో బోనాలు. ఆడవాళ్ళు నెత్తిన బోనం పెట్టుకుని, కాళ్ళకు పసుపు రాసుకుని, చెప్పులు లేకుండా ఇదే గల్లీలోంచి గుడికి నడవాలి.

నాగమణమ్మ ఫోన్లో మైకు గుర్తు నొక్కి మర్యాదగానే చెప్పింది. “సారూ, మోరీ పొంగుతున్నది. బోనాలు దగ్గర పడ్డయి. జర సూడున్రి.”

మూడో రోజు జవాబు వచ్చింది. ‘మీ ఫిర్యాదు పరిష్కరించబడింది. నిర్ధారించండి.’ ఆమె గడపలోంచి బయటకు చూసింది. పరిష్కారమైన మురుగు మీద ఒక కొబ్బరి చిప్ప పడవలా తేలుతూ పోతోంది. ‘కాదు’ అని నొక్కింది. మర్నాడు మళ్ళీ ‘పరిష్కరించబడింది’. మళ్ళీ ‘కాదు’. వారంలో ఏడుసార్లు అలా జరిగాక రామచంద్రరావు స్వయంగా ఫోన్ చేశాడు.

“అమ్మా, మా సిస్టమ్‌లో అన్నీ పచ్చగా ఉన్నాయండి. మీదొక్కటే ఎర్రగా కనబడుతోంది.”

“మా గల్లీ నల్లగ కనవడుతున్నది సారూ.”

“మీరు ముందు నొక్కేయండి. తర్వాత మనం నింపాదిగా చూసుకుందాం.”

“మీరు ముందు సూడున్రి. తర్వాత నేను నింపాదిగ నొక్కుత.”

ఆయన ఫోన్ పెట్టేశాడు. ఇంతవరకూ అది మామూలు ఫిర్యాదే.

మరుసటి రోజు ఒక కొత్త కోడలు, మొదటిసారి బోనం ఎత్తబోయే పిల్ల, నాగమణమ్మ దగ్గర కుండ కొనుక్కుని రెండు చేతులతో గుండెకు హత్తుకుని మెట్టు దిగింది. రెండడుగులు వేసింది. మురుగు కింద బండ కనబడక కాలు జారింది. పిల్లకు దెబ్బ తగల్లేదు గానీ కుండ పగిలి ముక్కలు నీళ్ళలో మునిగిపోయాయి. ఆ పిల్ల లేవకుండా అక్కడే కూర్చుని ఏడ్చింది. “ఏంగాదు బిడ్డా, ఇంకోటి ఇస్త” అని నాగమణమ్మ లేపి, కాళ్ళు కడిగి, కొత్త కుండ చేతికిచ్చి పంపింది. ఆ పిల్ల మలుపు తిరిగేదాకా ఆగింది. తర్వాత ఫోన్ తీసి మైకు నొక్కింది.

“ఓ రామచంద్రరావు సారూ! పచ్చ బటన్ ఒత్తే నీ వేలికి గోరుచుట్టు వుట్ట! మ్యాన్‌హోల్ మూత దెచ్చి నీ మూతికి వెట్ట! నా గల్లీల పొంగినట్టె నీ బాత్‌రూముల పొంగ! నీ పెండ్లాం పులిహోర కలిపినప్పుడల్ల నీకు గీ కంపే రాను! తిన్నది అరగక, అరిగింది దిగక, దిగింది ఆగక నువ్వు ఆగమాగం గాను! మా అమ్మ మహంకాళి నిన్ను గీ గల్లీల ఉత్త కాళ్ళతోటి నడిపియ్య!”

ఒక్క నిమిషంలో ఆ తిట్టు అక్షరాలుగా మారి, ఇంగ్లిషులోకి తర్జుమా అయి, ఏడు దేశాల్లోని నలభై కంప్యూటర్లకెక్కి కూర్చుంది.

మొదట చూసింది భీమవరంలో రామచంద్రరావు బావమరిది ఫణి. ఎవరి చెడు ఎక్కడ దొరుకుతుందా అని ఇంటర్నెట్ గాలించే ఉద్యోగం ఆయన జీతం లేకుండా చేస్తుంటాడు. వెంటనే కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. సాయంత్రానికి నూట ఇరవై మంది బంధువులు చదివారు. అందులో తొంభై మంది దండం బొమ్మ పెట్టారు, ఎవరికి దండమో తెలియకుండా.

రామచంద్రరావు భార్య హైమవతి వంటింట్లోంచి ఫోన్ పట్టుకుని వచ్చింది. “ఏమండీ, మిమ్మల్ని ఏమైనా అననివ్వండి, అది మీకూ ఆవిడకీ సంబంధించిన విషయం. నా పులిహోర జోలికి ఎందుకొచ్చింది?”

“అది తిట్టు హైమా. తిట్లకు లాజిక్ ఉండదు.”

“గల్లీలో మురుగు ఉందా లేదా?”

ఆయన పేపరు విప్పి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

“ఉందన్నమాట” అంది హైమవతి. ఆ వారం ఇంట్లో పులిహోర చేయలేదు.

మర్నాడు పొద్దున్నే ఆయన హరిప్రియ ఆఫీసులో ఉన్నాడు. “అమ్మాయ్, అర్జెంటుగా ఆ పోస్టు తీసేయాలి.”

“తీయడం కుదరదు సర్.”

“మీ పైవాళ్ళను అడుగు.”

“వాళ్ళకూ కుదరదు సర్. అదే దీని గొప్ప. శిక్షణలో చెప్పాం కదా, సంతకం కూడా పెట్టారు.”

“అంటే నేను రిటైరైనా ఉంటుందా?”

“ఉంటుంది.”

“పోయినా?”

హరిప్రియకు జాలేసింది, నవ్వూ వచ్చింది. రెండూ దాచుకుని చెప్పింది. “పాతది చెరపలేం గానీ దాని కింద సవరణ అని కొత్త మాట ఎక్కించొచ్చు. తిట్టినవాళ్ళే చెప్పాలి. ముగ్గురు సాక్షులూ వేలు నొక్కాలి. ఇంకో సంగతి సర్. యూరప్ నుంచి మార్గరెతా గారని, పథకం పెద్దావిడ, బోనాల ముందు బుధవారం వస్తున్నారు. ఆవిడకు ఈ ఫిర్యాదు చాలా నచ్చిందట. ప్రజల అసలు గొంతు ఇదేనన్నారు. ‘గోరుచుట్టు’ అంటే గోటికి పెట్టుకునే నగ అని యంత్రం తర్జుమా చేసింది. మిగతాదంతా బాగానే అర్థమైంది. మిమ్మల్ని కూడా కలవాలంటున్నారు.”

బుధవారానికి ఇంకా ఆరు రోజులుంది. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి రామచంద్రరావు ఫీల్డుకు బయల్దేరాడు. పైప్‌లైన్లోకి నీళ్ళు కొట్టే జెట్టింగ్ మిషన్ను, చెత్తను పైకి లాగే ఇనప పంజా ఉన్న ఇంకో బండిని, వాటి మనుషులను వెంట తీసుకెళ్ళాడు. ఎవరూ మ్యాన్‌హోల్లోకి దిగకూడదని, అంతా మిషన్లతోనే చేయాలని చెప్పాడు. రూల్సు ఆయనకు కంఠతా వచ్చు, వాడే అవసరమే ఎప్పుడూ రాలేదు.

గల్లీలో పదడుగులు వేశాడో లేదో ఎడమ బూటు బురదలో కూరుకుపోయింది. దాన్ని లాగబోతే కుడిది కూడా పోయింది. కాసేపు రెంటికోసం వెతికి, చేతకాక, ప్యాంటు మడిచి ఉత్త కాళ్ళతో నడిచి వచ్చాడు. నాగమణమ్మ దుకాణం మెట్టు మీద నిలబడి అంతా చూసింది. గుడివైపు తిరిగి ఒక దండం పెట్టుకుంది.

“అమ్మా, వచ్చాను” అన్నాడాయన.

“కనవడుతున్నది సారూ. కాళ్ళకు నీళ్ళిస్తనాగు.”

మిషన్ రెండు గంటలు పనిచేసింది. మురుగు ఒక అంగుళం కూడా తగ్గలేదు. లైను ముందుకు పోయి ఎక్కడో గట్టిగా ఆగిపోతోంది. రామచంద్రరావు పాత నక్షా తీసి తిప్పితిప్పి చూశాడు. “ఇక్కడ ఇంకో మ్యాన్‌హోల్ ఉండాలే” అని వేలు పెట్టిన చోట తలెత్తి చూస్తే, తళతళలాడే టైల్స్ వేసిన అరుగు మీద బెల్లం బస్తాల మధ్య వైకుంఠం కూర్చుని ఉన్నాడు.

“గీ అరుగు మా తాత కట్టిండు సార్” అన్నాడు వైకుంఠం, ఎవరూ అడగకముందే.

“మీ తాత కట్టింది బారెడుండె తమ్మీ” అంది నాగమణమ్మ. “నిరుడు దసరాకు నువ్వు ముందుకు జరిపి టైల్స్ ఏస్తివి. నేనే కొబ్బరికాయ గొట్టిన గద.”

“అక్కా, నువ్వు నా దిక్కా, సారు దిక్కా?”

“నేను బోనం దిక్కు. లెవ్వు.”

వైకుంఠం చాలాసేపు లొల్లి చేశాడు. టైల్స్ రాజస్థాన్‌వన్నాడు, పగలగొడితే ఆగమైతనన్నాడు. డానియేలు అప్పుడే కోర్టు నుంచి వచ్చాడు. టిఫిన్ డబ్బా చేతిలో పట్టుకునే సంగతంతా విని, “సేటూ, నువ్వు రెండో సాక్షివి. నీ అరుగు కిందనే ముద్దాయి దొరికిండు. ఇగ నువ్వే చెప్పు” అన్నాడు. వైకుంఠం లేచి బస్తాలు పక్కకు జరిపించాడు.

అరుగు పగిలింది. కింద మూత, మూత కింద చీకటి. ఇనప పంజా దిగి మొదటి పట్టుకు రెండు బెల్లం గోనె సంచులు తెచ్చింది. వైకుంఠం ఆకాశంలోకి చూశాడు. రెండో పట్టుకు కొబ్బరి పీచు వచ్చింది. మూడో పట్టుకు ఎర్రెర్రగా, ముద్దగా, వందల కొద్దీ చిన్న ప్లాస్టిక్ ప్యాకెట్లు వచ్చాయి. మిషన్ మనిషి వాటిని సరిగ్గా నాగమణమ్మ కాళ్ళముందు గుమ్మరించాడు. ప్రతిదాని మీదా మహంకాళి బొమ్మ, దాని కింద ‘నాగమణి పూజా స్టోర్స్, లాల్‌దర్వాజా’.

చిరిగిన ప్యాకెట్లను, రంగు మారిన కుంకుమను రోజూ దుకాణం మూసేముందు చీపురుతో మోరీ వైపు తోయడం ఆమెకు ముప్పై ఏళ్ళ అలవాటు. అది ఎక్కడికి పోతుందో ఆమె ఎన్నడూ ఆలోచించలేదు.

రామచంద్రరావు ఫోన్ తీసి ఒక ఫోటో కొట్టాడు. ఆయన ముఖంలో చాలా రోజుల తర్వాత వెలుగొచ్చింది. “ఇవి తమరివేనా అండీ?”

“నాయే.”

ఆయన దగ్గరగా వచ్చి గొంతు తగ్గించాడు. “ఈ ఫోటో ఎక్కిస్తే ఇక బ్రహ్మదేవుడు కూడా చెరపలేడట. ఏడు దేశాల వాళ్ళు చూస్తారు. నాకెందుకండీ ఈ గొడవ? ఆ తిట్టు పొరపాటని మీరు ఒక్క మాట చెప్పండి, ఈ ఫోటో నేను ఇక్కడే తీసేస్తాను. ఇద్దరికీ మర్యాద.”

“మంచిగనే ఉన్నది గదక్కా” అన్నాడు వైకుంఠం ఆశగా. “నా అరుగు ముచ్చట గూడ దాంట్లనే కలిసిపోతది.”

డానియేలు మాత్రం టిఫిన్ డబ్బా కింద పెట్టి అన్నాడు. “రోజూ కోర్టు బయట జూస్త గిసొంటివి. రాజీ అంటరు దాన్ని. ఇద్దరు నవ్వుకుంట ఇంటికి పోతరు. మళ్ళచ్చే ఏడు అదే కేసు.”

నాగమణమ్మ వంగి ఒక ప్యాకెట్ తీసింది. అమ్మవారి ముఖం నిండా బురద. కొంగుతో తుడిచింది. పోలేదు. మళ్ళీ తుడిచింది. ఆమెకు ఏడుపు వచ్చేటట్టయింది. సారుకు దొరికిపోయినందుకు కాదు. ఏటా అమ్మకు బోనం పెట్టే చేత్తోనే అమ్మ బొమ్మను మోరీలోకి ఊడ్చానే అని. అందరూ ఆమె ఏమంటుందా అని చూస్తున్నారు. ఈ గల్లీలో ఆమె ఎవరికీ లొంగి మాట్లాడింది లేదు. తప్పు ఒప్పుకున్నది అంతకన్నా లేదు.

“ఫోటో ఎక్కియ్యి సారూ” అంది.

“ఆలోచించుకోండి.”

“ఆలోచించిన. నువ్వు ఎక్కియ్యకుంటే నేను ఎక్కిస్త.” ఫోన్ తీసి మైకు నొక్కింది. గొంతు మొదట తడబడింది, తర్వాత ఎప్పటి గొంతే వచ్చింది.

“నేను నాగమణమ్మను. మొన్న తిట్టింది నేనే. సారు వారం దినాలు కుర్చీల కెల్లి లేవలే, గది నిజం, గా తిట్టు అట్లనే ఉండనియ్యిరి. కాని మోరీకి అడ్డంవడ్డది సారు కాదు. వైకుంఠం అరుగు, నా కుంకుమ ప్యాకెట్లు. మూత వెట్టాలంటే మా మూతులకు గూడ వెట్టాలె. ఇయ్యాల సారు ఉత్త కాళ్ళతోటి వచ్చి పని చేపిచ్చిండు. పులిహోర చేసే అమ్మకు దీంట్ల ఏం సంబంధం లేదు. గా ముక్క వాపస్ తీసుకుంటున్న.”

ఆమె వేలు నొక్కింది, వెంటనే డానియేలూ నొక్కాడు. వైకుంఠం ఫోన్ను అటూ ఇటూ తిప్పాడు. “నా పేరు లేకుంట చెప్పరాదక్కా. మూడు తరాల దుకాణం.”

“మూడు తరాలకెల్లి తూకంల మోసం జెయ్యలేదని అందరికి చెప్తవు గద. గీడ గూడ జెయ్యకు.”

ఆయన కళ్ళు మూసుకుని నొక్కాడు. చీకటి పడేలోపు మురుగు గుడగుడమంటూ దిగిపోయింది. కింది నుంచి గల్లీ బండలు బయటపడ్డాయి. వాటితోపాటు సారు కుడి బూటు కూడా దొరికింది. ఎడమది దొరకలేదు.

బుధవారం మార్గరెతా వచ్చింది. పొడుగాటి మనిషి, నూలు చీర కట్టుకుని, కట్టిన తీరుకు తనే భయపడుతూ నడిచింది. రామచంద్రరావును చూసి చేయి కలిపి, ఆ తిట్టు వినగానే మీకేమనిపించిందని అడిగింది. ఆయన, “మా ఆవిడ నా పక్షాన లేదని తెలిసిందండి” అన్నాడు. హరిప్రియ అది ఇంగ్లిషులో చెప్పడానికి చాలా కష్టపడింది.

నాగమణమ్మ ఆవిడకు బొట్టు పెట్టి, చీర కుచ్చిళ్ళు సర్ది, తన ప్రశ్న అడిగింది. “మీ ఊర్ల మోరీ పొంగితే ఎట్ల జేస్తరమ్మా?”

మార్గరెతా నిజాయితీగానే చెప్పింది. ఉత్తరం రాస్తామని, ఆరు వారాలకు జవాబు వస్తుందని, ఆ జవాబులో సాధారణంగా ఇంకో ఆఫీసుకు రాయమని ఉంటుందని.

“అయ్యో పాపం” అంది నాగమణమ్మ. “మీరు గూడ జేసుకోరాదుండ్రి గీ గొలుసు.”

ఆదివారం బోనాలు పొడి బండల మీద నడిచాయి. కుండ పగిలిన కొత్త కోడలు ముందు వరసలో ఉంది. వైకుంఠం పగిలిన అరుగు ముందు నిలబడి వచ్చినవాళ్ళందరికీ బెల్లం పానకం పోశాడు. అరుగు ఏమైందని అడిగినవాళ్ళకు, లోకకల్యాణం కోసం తనే పగలగొట్టానని చెప్పాడు. కాదనడానికి గొలుసులో అంతా ఉంది గానీ, పానకం తాగుతూ ఎవరు చూస్తారు?

సాక్ష్యమాల ఇంకో ఎనిమిది నెలలు నడిచింది. తర్వాత ఆ సంస్థకు వేరే దేశంలో సముద్రపు నాచు మీద ఆసక్తి పుట్టింది. వెబ్‌సైటు మూతపడింది. రామచంద్రరావు తన పేరు కొట్టి చూసి, ఏమీ రాకపోయేసరికి హైమవతికి చూపించి ఒక పూటంతా ఆనందించాడు. మధ్యాహ్నం హరిప్రియ ఫోన్ చేసి, వెబ్‌సైటు అనే కిటికీ మాత్రమే మూశారని, ఆ నలభై కంప్యూటర్లలోనూ తిట్టు భద్రంగా ఉందని చెప్పింది. ఆ అమ్మాయి ఇప్పుడు పథకం లేకపోయినా గల్లీకి వస్తుంటుంది. నాగమణమ్మతో కలిసి దుకాణాల వాళ్ళందరి చేతా చెత్తకు బస్తాలు కట్టిస్తోంది. ప్యాకెట్ల మీద ఇప్పుడు అమ్మవారి బొమ్మ వేయడం లేదు, ప్యాకెట్టే కాగితానిదైంది.

ఆఫీసులో పాత పద్ధతి మళ్ళీ వచ్చింది. సాక్షులు లేరు, వేళ్ళు లేవు. రామచంద్రరావు కుర్చీ కూడా అదే. ఒక్కటి మాత్రం మారింది. ఫిర్యాదు మూసేముందు ఆ మనిషికి ఒకసారి ఫోన్ చేస్తాడు. పశ్చాత్తాపం అని తోటి ఉద్యోగులంటారు. భయం అని హైమవతి అంటుంది. మొన్న భారీ వాన పడిన మర్నాడు అలాగే పక్క గల్లీలో ఒకావిడకు ఫోన్ చేసి, “అమ్మా, నీళ్ళు తగ్గాయా?” అని అడిగాడు. అవతల నుంచి ఆవిడ ఊపిరి తీసుకోకుండా ఐదు నిమిషాలు తిట్టింది. ఆయన ఫోన్ను చెవికి జానెడు దూరం పెట్టుకుని చివరిదాకా విన్నాడు. తర్వాత పెన్ను తీసుకుని, “ఇంటి నంబరు చెప్పండమ్మా, వస్తున్నాను” అన్నాడు.